పొన్నెకల్లు నాజర్: బుర్రకథ వెనక మరుగైన కులాలు

అమరావతి స్తూపం రాళ్ళ మీద దానాలు చేసినవాళ్ళ పేర్లు చెక్కి ఉన్నాయి. వాటిలో ఒక శాసనం మన విద్యార్థులు తప్పకుండా చదవాల్సింది. పూర్ణకుంభం చెక్కిన పలకని తన కుటుంబంతో కలిసి దానం చేసినవాడు విధికుడు. తండ్రి నాగుడు, ఉపాధ్యాయుడు. విధికుడిని మాత్రం ఆ శాసనం 'చమ్మకార' అంటుంది. అంటే చర్మకారుడు, తోలుపని చేసేవాడు. శాతవాహనుల కాలంలో, కృష్ణ ఒడ్డున, ఒక తోలుపనివాడు తన పేరునీ తన పనినీ పక్కపక్కనే రాతి మీద చెక్కించుకోగలిగాడు. ఉపాధ్యాయుడి కొడుకు చర్మకారుడిగా ఉండటం ఆ రాయి చెక్కినవాళ్ళకి వింత అనిపించలేదు. తర్వాత వచ్చిన వర్ణ వ్యవస్థ ఆ రెండింటినీ విడగొట్టింది. పనిచేసే కులాల పేరు తిట్టయింది. వాళ్ళ పని మాత్రం అందరిదీ అయింది.

పాట విషయంలో కూడా జరిగింది ఇదే. తెలుగు ప్రజల పాట గురించి, ప్రజాకళల గురించి చాలా చరిత్రలు వచ్చాయి. అవి పార్టీల పేర్లు చెప్తాయి, సంఘాల పేర్లు చెప్తాయి, మహాసభల సంవత్సరాలు చెప్తాయి. ఆ పాటని వందల ఏళ్ళు గొంతులో దాచుకొచ్చిన కులాల పేర్లు వచ్చేసరికి 'జానపదులు' అనే ఒక్క మాటతో సరిపెడతాయి. అమరావతికి దగ్గర్లో పుట్టి తెలుగు దేశమంతా పేరు తెచ్చుకున్న ఒక గాయకుడి జీవితాన్ని తీసుకుని ఈ సంగతి మాట్లాడాలని మా ప్రయత్నం. అతను షేక్ నాజర్. బుర్రకథ అంటే నాజర్, నాజర్ అంటే బుర్రకథ అని రెండు తరాలు అనుకున్నాయి.

1. పింజారి ఇల్లు

నాజర్ 1920 ఫిబ్రవరిలో పొన్నెకల్లులో పుట్టాడు. గుంటూరుకీ అమరావతికీ మధ్య, ఇప్పటి తాడికొండ మండలంలో ఉన్న ఊరది. ఇల్లు దూదేకుల ఇల్లు. దూదేకులవాళ్ళనే పింజారులనీ, నూర్‌బాషాలనీ అంటారు. నల్లరేగడి నేలల్లో పత్తి పండే గుంటూరు, పల్నాడు పల్లెల్లో వాళ్ళ పని దూదిని విల్లుతో ఏకటం, పరుపులూ బొంతలూ కుట్టటం. విల్లు భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగి పని అడుక్కోవాలి. పత్తి పండించిన రైతుకి పొలం ఉంది, పత్తి కొన్న వ్యాపారికి గిడ్డంగి ఉంది. మధ్యలో దూది ఏకినవాడికి మిగిలేది ఊపిరితిత్తుల్లోకి పోయే నూగు.

దూదేకుల జీవితంలో ఇంకో ఇబ్బంది ఉంది. వాళ్ళు ముస్లింలే, కానీ ఇంట్లో మాట తెలుగు. పేర్లలో, పండగల్లో, పెళ్ళి తంతుల్లో తెలుగు ఊళ్ళ అలవాట్లు కలిసిపోయి ఉంటాయి. అందుచేత షేకులూ సయ్యదులూ వాళ్ళని తమలో కలుపుకోరు. హిందూ ఆధిపత్య కులాలకి వాళ్ళు సాయిబులే. ఇద్దరికీ పనికావాలి, పక్కన కూర్చోబెట్టుకోవటం ఇద్దరికీ ఇష్టం ఉండదు. ఇప్పటి లెక్కల్లో దూదేకులు వెనకబడిన తరగతుల జాబితాలో బి గ్రూపులో ఉన్నారు. కాబట్టి నాజర్‌ని దళితుడని మేము అనటం లేదు. మాల మాదిగలు భరించిన అంటరానితనం దూదేకుల మీద లేదు, ఆ తేడాని చెరిపెయ్యటం ఎవరికీ మేలు కాదు. అయితే చేతిపని చేసే కులాల శ్రమనీ కళనీ తీసుకుని వాళ్ళ పేరుని వదిలెయ్యటం అనే పద్ధతి మాత్రం ఇద్దరి విషయంలోనూ ఒకటే. దళిత అధ్యయనాల పత్రికలో నాజర్ గురించి రాయటానికి మాకు ఆ కారణం చాలు.

చిన్నప్పుడే అతని గొంతు ఊరివాళ్ళకి తెలిసింది. ఖాదర్ అనే హార్మోనిస్టు అతన్ని చేరదీశాడు. బాలల నాటక సమాజంలో పౌరాణిక వేషాలు వేశాడు. కొన్నాళ్ళు నరసరావుపేటలో సంగీతం నేర్చుకున్నాడు. అయితే ఆ రోజుల్లో శాస్త్రీయ సంగీతం నేర్చుకోవటమంటే ఏళ్ళ తరబడి గురువు దగ్గర ఉండాలి, తిండికి వేరే ఆధారం ఉండాలి. పింజారి ఇంటికి అంత ఓపిక ఎక్కడిది? చదువు మధ్యలో ఆగింది. అందుకని అతని సంగీతం రెండు దారుల్లో వచ్చింది. గురువు దగ్గర వచ్చిన స్వరజ్ఞానం కొంత, నాటకాల్లో పద్యం పాడి పాడి వచ్చిన గొంతు కొంత. తర్వాత బుర్రకథలో అతనికి పేరు తెచ్చిపెట్టింది ఈ రెండిటి కలయికే.

2. నాజర్‌కి ముందు బుర్ర ఎవరి భుజాన ఉంది?

బుర్రకథ చూడనివాళ్ళ కోసం కొంచెం వివరంగా చెప్పాలి. ముగ్గురు మనుషులు. మధ్యలో కథకుడు, భుజాన తంబుర. తంబురకి కింద ఉండే సొరకాయ బుర్ర నుంచే ఈ పేరు వచ్చిందని చెప్తారు. కుడిచేతి వేళ్ళకి అందెలు, కాళ్ళకి గజ్జెలు. అటూ ఇటూ ఇద్దరు వంతలు, వాళ్ళ చేతుల్లో డక్కీలు. కథకుడు ముందుకీ వెనక్కీ అడుగులు వేస్తూ కథ పాడతాడు, వచనం చెప్తాడు, పాత్రలన్నీ తానే నటిస్తాడు. వంతలు తందాన అంటూ అందుకుంటారు, డక్కీ మీద తాళం నడుపుతారు. ఒక వంత హాస్యం చూసుకుంటాడు. ఇంకో వంత మధ్యమధ్యలో కథని ఆపి ఇప్పటి సంగతులు అడుగుతాడు. రాజుల కథ చెప్తూ చెప్తూ ఊరి సర్పంచి మీదికి, మంత్రి మీదికి మాట తిప్పగలిగే సౌకర్యం ఈ రూపంలోనే ఉంది.

ఈ రూపాన్ని 1940ల్లో ఎవరో కూర్చుని తయారు చెయ్యలేదు. జంగం కథ, తంబుర కథ, తందాన కథ, శారద కథ అని ప్రాంతాన్ని బట్టి పిలిచే పాత పద్ధతుల నుంచి బుర్రకథ వచ్చింది. వాటిని చెప్పుకుని బతికినవాళ్ళు బుడగ జంగాలు, శారదగాళ్ళు, పిచ్చుకగుంట్లు లాంటి సంచార కులాలు. జంగం కథలో భర్త కథకుడు, ఇంటి ఆడవాళ్ళే వంతలు. బొబ్బిలి కథ, బాలనాగమ్మ కథ, దేశింగురాజు కథ, కాంభోజరాజు కథ లాంటివి వీళ్ళ నోటనే ఊళ్ళు తిరిగాయి. చదువుకున్నవాళ్ళు బొబ్బిలి గురించి పుస్తకాలు రాసే నాటికే ఈ ఆడవాళ్ళూ మగవాళ్ళూ దాన్ని కళ్ళాల దగ్గర కంఠస్థంగా చెప్తున్నారు. పిచ్చుకగుంట్లు రెడ్లకీ కమ్మవాళ్ళకీ గోత్రాలు చెప్పి, వంశాలు పొగిడి గింజలు తెచ్చుకునేవాళ్ళు. అంటే భూమి ఉన్న కులాలకి 'చరిత్ర' చేసిపెట్టినవాళ్ళు భూమిలేని యాచకులు. వాళ్ళ సొంత చరిత్ర మాత్రం ఎవరూ రాయలేదు.

వీళ్ళకి దక్కిన ప్రతిఫలం కళ్ళంలో పిడికెడు గింజలు, పాత బట్టలు. కథ చెప్పినంతసేపూ కళాకారుడు, కథ అయిపోయాక బిచ్చగాడు. ఊరి బయట గుడారాల్లో పడుకోవాలి. ఈ రెండో సగం మన కళా చరిత్రల్లోకి రాదు. 'యాచక వృత్తి కళారూపం' అని ఒక్క ముక్క రాసి ముందుకు పోతారు.

3. పార్టీ వేదిక ఎక్కిన తంబుర

1942లో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం తొలిగింది. 1943లో ప్రజానాట్యమండలి వచ్చింది. చదువురాని జనానికి రాజకీయం చెప్పటానికి ఏ రూపం పనికొస్తుందని వెతికినప్పుడు బుర్రకథ చేతికందింది. దానికి తెరలు అక్కర్లేదు, ఖర్చు లేదు. ముగ్గురు మనుషులు, ఒక పెట్రోమాక్స్ లైటు, ఒక అరుగు ఉంటే చాలు. సుంకర సత్యనారాయణ లాంటివాళ్ళు కొత్త కథలు రాశారు. మోటూరి ఉదయం దళం లాంటి మహిళా దళాలు వేదిక ఎక్కాయి. మర్యాదస్తుల ఇళ్ళ ఆడవాళ్ళు డక్కీ పట్టుకోవటం అప్పట్లో పెద్ద సంచలనం. నిజంగానే అది సాహసం. అయితే జంగం ఆడవాళ్ళు అంతకుముందు తరతరాలుగా డక్కీ పట్టుకునే ఉన్నారు. వాళ్ళు పట్టుకున్నప్పుడు అది సాహసమని ఎవరూ అనలేదు, సిగ్గులేనితనం అన్నారు. ఒకే పని, కులాన్ని బట్టి దాని పేరు మారింది.

నాజర్ పార్టీ దళంలోకి వచ్చింది ఈ కాలంలోనే. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు, బెంగాల్ కరువు అతని కథల్లో బాగా పేరు తెచ్చుకున్నవి. 1943 కరువులో బెంగాల్ పల్లెల్లో లక్షల మంది చచ్చిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది భూమిలేనివాళ్ళూ, జాలర్లూ, చేతిపనులవాళ్ళూ. ఆ సంగతిని కృష్ణా గుంటూరు జిల్లాల పల్లెలకి చేర్చటంలో పత్రికల కంటే బుర్రకథ చేసిన పని ఎక్కువ. పత్రిక చదవటానికి అక్షరం రావాలి, పాట వినటానికి చెవులు చాలు.

నాజర్ ఈ రూపంలో తెచ్చిన మార్పు చిన్నది కాదు. జంగం కథ నెమ్మదిగా రాత్రుళ్ళ తరబడి సాగేది. నాజర్ దాన్ని మూడు నాలుగు గంటల వేదిక ప్రదర్శనగా బిగించాడు. నాటకంలో నేర్చుకున్న అభినయాన్ని తెచ్చాడు, సంగీతంలో నేర్చుకున్న రాగాల్ని తెచ్చాడు. వీరం చెప్పేటప్పుడు అడుగు వేగం, కరుణ చెప్పేటప్పుడు గొంతు జీర. వేల మంది ముందు నిలబడి మైకు ఉన్నా లేకపోయినా చివరి వరస దాకా మాట వినపడేట్టు చెప్పగలిగాడు. అతని ప్రతిభని తక్కువ చెయ్యాలన్న ఉద్దేశం మాకు లేదు.

మేము అడిగేది వేరు. 1956లో సెలిగ్ హారిసన్ అనే అమెరికా రచయిత ఆంధ్ర కమ్యూనిస్టు పార్టీలో కులం గురించి ఒక వ్యాసం రాశాడు. నాయకత్వంలో కమ్మ కులస్తుల ప్రాబల్యాన్ని అందులో చూపించాడు. అతని ఉద్దేశాలేమిటి, ఆ కాలంలో అమెరికావాళ్ళు ఇలాంటివి ఎందుకు రాశారు అనే చర్చ వేరే ఉంది. కానీ విషయం మాత్రం మన ఊళ్ళలో ఎవరూ కాదనలేనిది. మరి అలాంటి పార్టీలో రాసేవాళ్ళెవరు, పాడేవాళ్ళెవరు, జెండా మోసేవాళ్ళెవరు? సిద్ధాంతం ఒక కులం నుంచి, గొంతు ఇంకో కులం నుంచి, కళారూపం మూడో కులం నుంచి వస్తే, చరిత్ర పుస్తకంలో ఎవరి పేరు ఎన్ని పేజీలు పడుతుంది? పింజారి నాజర్ పేరు పడింది. అది అతని గొంతు గొప్పతనం. దళాలకి తంబుర శృతి ఎలా పెట్టాలో, డక్కీ ఎలా కొట్టాలో మొదట చూపించిన జంగాల పేర్లు పడలేదు.

ఈ లోటు ఒక పార్టీది మాత్రమే కాదు. తర్వాత 1972లో వచ్చిన జననాట్యమండలి కూడా పల్లె పాటల నుంచే తన పాట తీసుకుంది. గద్దర్ (1949–2023) దళిత ఇంట్లో పుట్టినవాడు కాబట్టి ఆ బాణీలు అతనికి పుట్టుకతో వచ్చినవి. నాజర్‌కీ గద్దర్‌కీ ఉన్న ఒక ముఖ్యమైన తేడా ఇది. అయినా పాట ఎవరిదనే ప్రశ్న సంఘం లోపల గట్టిగా రావటానికి కారంచేడు (1985) జరగాల్సి వచ్చింది.

4. సినిమా, పద్మశ్రీ, 'పింజారి'

మద్రాసు రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద మళ్ళీ నిషేధం వచ్చింది. దళాలు చెదిరిపోయాయి. కళాకారుల్లో కొందరు జైలుకి, కొందరు అజ్ఞాతంలోకి, కొందరు మద్రాసు సినిమాల్లోకి పోయారు. ప్రజానాట్యమండలి నుంచి వెళ్ళిన గరికపాటి రాజారావు తీసిన 'పుట్టిల్లు' (1953)లో నాజర్ బుర్రకథ ఉంది. 'అగ్గిరాముడు' (1954)లో అతని అల్లూరి సీతారామరాజు కథ ఉంది. సినిమాతో అతను చూడనివాళ్ళకి కూడా తెలిశాడు. ఆ తర్వాత 1962 చైనా యుద్ధం రోజుల్లో దేశ రక్షణ ప్రచారానికి కథలు చెప్పాడు. భక్త ప్రహ్లాద చెప్పాడు, క్రీస్తు కథ చెప్పాడు. 'ఆసామి' అనే నాటకం రాశాడు. దూదేకుల సాయిబు ప్రహ్లాదుడి కథ చెప్తే హిందువులు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు, క్రీస్తు కథ చెప్తే క్రైస్తవులు పెట్టుకున్నారు. ఇదంతా మత సామరస్యమని పొగుడుతారు. నిజమే. కానీ వృత్తి కళాకారుడి కడుపు సంగతి కూడా అందులో ఉంది. పిలిచినవాడు అడిగిన కథ చెప్పాలి. జంగాలు చేసింది కూడా అదే గదా.

1986లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 'బుర్రకథ పితామహుడు' అనే బిరుదు అతని పేరుకి ముందు స్థిరపడిపోయింది. ఈ బిరుదు దగ్గర కొంచెం ఆగాలి. తాతముత్తాతల కాలం నుంచి జంగాల ఇళ్ళలో ఉన్న కళకి 1920లో పుట్టిన మనిషి తాత ఎలా అవుతాడు? వేదిక మీదికి ఎక్కిన రోజునే కళ పుట్టిందని అనుకుంటేనే ఈ మాట కుదురుతుంది. కళ్ళంలో, గుడారం ముందు, చావిట్లో చెప్పింది కళ కాదనుకుంటేనే కుదురుతుంది. ఈ బిరుదు నాజర్‌ని గౌరవించినట్టు కనపడుతుంది, అదే నోటితో అతనికి ముందున్న వందల గొంతుల్ని అనాథల్ని చేస్తుంది. మన విద్యార్థులు వ్యాసాల్లో ఈ బిరుదు రాసేటప్పుడు ఆలోచించి రాయాలని మా విన్నపం.

నాజర్ తన జీవితం గురించి తాను ఎంచుకున్న మాట వేరు. అతని ఆత్మకథని అతను చెప్తుంటే అంగడాల వెంకటరమణమూర్తి రాశారు. దాని పేరు 'పింజారి'. ప్రజా కళాకారుడనో, పద్మశ్రీ అనో, పితామహుడనో పేరు పెట్టుకోవటానికి అవకాశం ఉంది. ఊళ్ళో పిల్లలు వెక్కిరించటానికి వాడే కులం పేరుని పుస్తకం అట్ట మీద పెట్టాడు. తిట్టుని పేరుగా తీసుకోవటం దళిత సాహిత్యంలో పెద్ద కదలికగా మారింది 1990ల్లో. నాజర్ పుస్తకం ఆ వరసలో మొదట నిలబడాల్సిన వాటిలో ఒకటి. అయినా దాన్ని కళాకారుడి జ్ఞాపకాలుగా చదివారు గానీ కులం గురించిన పుస్తకంగా చదివినవాళ్ళు తక్కువ.

పద్మశ్రీ వచ్చిన మరుసటి ఏడు, 1987లో, నీరుకొండలో దళితుల మీద దాడి జరిగింది. నీరుకొండ మంగళగిరి మండలం, పొన్నెకల్లు తాడికొండ మండలం. పక్కపక్క మండలాలు. గొడవ మొదలయింది మాలల పెళ్ళి ఊరేగింపు దగ్గర. 1991 ఆగస్టు 6న, అప్పటి గుంటూరు జిల్లాలోనే, చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. నాజర్ 1997 ఫిబ్రవరిలో చనిపోయాడు. అతని జీవితంలో చివరి పదేళ్ళలో అతని జిల్లాలో జరిగినవి ఇవి. కింది కులాల పాట వేదిక మీద ఉంటే దండ వేసే ఊరు, అదే కులాల మేళం తమ వీధిలోంచి పోతే కర్రలు తీస్తుంది. పాటకి గౌరవం దొరికితే పాడినవాళ్ళకి కూడా దొరుకుతుందనే నమ్మకం ఎంత బలహీనమైనదో ఈ సంవత్సరాలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

5. కారంపూడిలో ఇంకో గొంతు

నాజర్ కథల్లో పల్నాటి యుద్ధానికి ఉన్న పేరు వల్ల కోస్తా జిల్లాల్లో చాలామంది పల్నాటి కథని అతని నోట విన్నారు. కానీ పల్నాడులో ఆ కథకి వారసులు వేరే ఉన్నారు. వాళ్ళు వీర విద్యావంతులు. కులానికి మాలలు.

12వ శతాబ్దంలో జరిగిందని చెప్పుకునే ఆ యుద్ధంలో చచ్చిపోయిన వీరుల్ని కారంపూడిలో నాగులేటి ఒడ్డున ఇప్పటికీ కొలుస్తారు. ప్రతి కార్తీక అమావాస్యకి తిరణాల మొదలవుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు రోజులు. వీరుల ఆయుధాలు వస్తాయి, విద్యావంతులు కథ పాడతారు. ఆ కథలో బ్రహ్మనాయుడు అన్ని కులాలకీ ఒకే చాప మీద కూడు పెట్టించాడు, దాన్ని చాపకూడు అంటారు. మాల కన్నమదాసుని కొడుకుగా చేసుకుని సేనకి నాయకుణ్ణి చేశాడు. పాఠాల్లో చాపకూడుని బ్రహ్మనాయుడి ఔదార్యంగా చెప్తారు. మాల గాయకులు తమ కన్నమదాసు పేరుని ఇన్ని వందల ఏళ్ళు గుడి ముందు పాడి నిలబెట్టారన్న సంగతి ఆ పాఠాల్లో ఉండదు. వాళ్ళు పాడటం మానేసి ఉంటే కన్నమదాసు మిగిలేవాడా?

ఈ కథకి సాహిత్య చరిత్రలో ఒక పేరుంది, శ్రీనాథుడి పల్నాటి వీరచరిత్ర. దాన్ని అక్కిరాజు ఉమాకాంతం గారు 1911లో అచ్చువేశారు. అది విశ్వవిద్యాలయాల్లోకి వెళ్ళింది. మాల విద్యావంతుల కథ మాత్రం చాలాకాలం పుస్తకం కాలేదు. చివరికి అమెరికా నుంచి వచ్చిన జీన్ రోఘెయిర్ అనే పరిశోధకుడు దాన్ని పల్నాడులో పాడించుకుని రికార్డు చేశాడు. ఆ కథకి ఇంగ్లీషు అనువాదమూ పరిశీలనా కలిపి 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి పుస్తకం వచ్చింది. కథ పాడినవాడు అలిశెట్టి గాలెయ్య. ఆ పుస్తకంలో పాడినవాడి పేరు ఉంది, కులం ఉంది, పాడిన పద్ధతి ఉంది. విదేశీయుడు చేశాడని మేము చిన్నబుచ్చుకోవటం లేదు, పొంగిపోవటమూ లేదు. మన పరిశోధకులు గాయకుణ్ణి 'సమాచారదాత' అని రాసి వదిలేసిన రోజుల్లో, పాడినవాడికి పేరు ఉంటుందన్న చిన్న మర్యాద ఆ పుస్తకం పాటించింది. ఇంత చెయ్యటానికి ఆక్స్‌ఫర్డ్ దాకా పోనక్కర్లేదు.

నాజర్‌నీ గాలెయ్యనీ పక్కపక్కన పెడితే ఒక సంగతి కనపడుతుంది. ఇద్దరూ ఒకే కథ చెప్పారు. ఒకరికి వేదిక, సినిమా, బిరుదు వచ్చాయి. ఇంకొకరికి గుడి ముందు నిలబడి పాడే హక్కు మిగిలింది. ఈ తేడా గొంతుల తేడా మాత్రమే కాదు. కథ కులం కట్టుబాటు నుంచి బయటికి వచ్చినప్పుడే దానికి మార్కెట్ వచ్చింది. కట్టుబాటులో ఉన్నవాడికి పుణ్యం వచ్చింది.

6. అమెరికా నల్లవాళ్ళ పాట మనకి నేర్పేది

ఇక్కడ అమెరికా నల్లజాతి గాయకుడు పాల్ రోబ్సన్‌ని తలుచుకోవాలి. రోబ్సన్ 1898లో పుట్టాడు. అతని తండ్రి బానిసగా పుట్టి తప్పించుకుని పారిపోయి బయటపడ్డవాడు. రోబ్సన్ లా చదివాడు, అక్కడ తెల్లవాళ్ళ అవమానం భరించలేక వదిలేశాడు, నటుడయ్యాడు, గాయకుడయ్యాడు. 1925లో న్యూయార్క్‌లో అతను ఇచ్చిన కచేరీలో అన్నీ నల్లవాళ్ళ పాటలే. బానిసలు పత్తి చేలల్లో, ప్రార్థనల్లో పాడుకున్న పాటల్ని సంస్కరించి వేరే పేరు పెట్టి ఇవ్వలేదు. ఇవి మా వాళ్ళ పాటలని చెప్పి పాడాడు. కార్మికుల పక్షాన నిలబడినందుకు 1950లో అమెరికా ప్రభుత్వం అతని పాస్‌పోర్టు లాక్కుంది. 1958లో గానీ తిరిగి రాలేదు. ఆ ఏడు అతని అరవయ్యో పుట్టినరోజుని మన దేశంలో కూడా జరిపారు, నెహ్రూ సందేశం ఇచ్చాడు. సొంత దేశంలో దళితుడి ఊరేగింపుని ఆపే పెద్దమనుషులు దూరదేశపు నల్లవాడి పాటకి చప్పట్లు కొట్టటం మనకి కొత్త కాదు.

రోబ్సన్ కంటే ముందు జరిగిన ఇంకో సంగతి మనకి ఎక్కువ అవసరం. బానిసత్వం పోయాక విముక్తుల పిల్లల కోసం నాష్‌విల్‌లో ఫిస్క్ అనే విద్యాలయం పెట్టారు. డబ్బుల్లేక మూతపడే స్థితికి వచ్చింది. 1871లో అక్కడి విద్యార్థులు కొందరు బృందంగా బయల్దేరి తమ పెద్దల పాటలు పాడుతూ అమెరికా, యూరప్ తిరిగారు. వచ్చిన డబ్బుతో కట్టిన జూబిలీ హాలు 1876లో పూర్తయింది. బానిసల పాట బానిసల పిల్లల బడి అయింది. పాట నుంచి వచ్చిన ఫలం పాట పుట్టిన ఇంటికే చేరింది.

మన దగ్గర బుర్రకథ నుంచి వచ్చిన ఫలం ఎవరింటికి చేరింది? పార్టీలు ఎన్నికల్లో వాడుకున్నాయి. ప్రభుత్వం కుటుంబ నియంత్రణ ప్రచారానికి వాడుకుంది. రేడియో వాడుకుంది, సినిమా వాడుకుంది. బుడగ జంగాల సంగతి చూడండి. షెడ్యూల్డు కులాల జాబితాని 2002లో పార్లమెంటు చట్టంతో సవరించినప్పుడు, బేడ (బుడ్గ) జంగం అనే పేరు పక్కన పది జిల్లాల పేర్లు చేర్చారు. హైదరాబాదు నుంచి నల్గొండ దాకా అన్నీ తెలంగాణ జిల్లాలే. గుంటూరు లేదు, ప్రకాశం లేదు, కర్నూలు లేదు. ఆ గీత గియ్యటంతో కృష్ణకి ఇటుపక్క గుడారాల్లో పుట్టిన జంగం పిల్లవాడికి బడిలో, హాస్టల్లో, ఉద్యోగంలో చూపించే కాగితం లేకుండా పోయింది. ఏ ఊరూ సొంతం కాని సంచార కులానికి జిల్లా హద్దు పెట్టటం కంటే విచిత్రం ఇంకేం ఉంటుంది? కళకి హద్దు లేదని మెచ్చుకుంటారు, కళాకారుడి కొడుక్కి హద్దు గీస్తారు.

7. చెయ్యాల్సిన పని

మిత్రులు కొందరు అడుగుతారు, కళకి కులం ఏమిటి, అందరూ పాడుకుంటేనే గదా బతికేది అని. అందరూ పాడుకోవాలి. దూదేకులవాడు జంగం తంబుర పట్టుకున్నందుకు మేము తప్పుపట్టటం లేదు. పట్టుకోకపోతే ఆ తంబుర ఈ కాలం దాకా వచ్చేదో లేదో. అయితే తీసుకున్నవాడు ఎవరి దగ్గర తీసుకున్నాడో చెప్పాలి. ఆ మాట చెప్పాల్సింది ఒక్క నాజర్ కాదు. అతని చుట్టూ ఉన్న సంఘాలు, అకాడమీలు, చరిత్ర రాసిన మనబోటివాళ్ళు చెప్పాలి. నాజర్ తన వంతుగా తన కులం పేరుని అట్ట మీద రాశాడు. మిగతా పేర్లు రాయటం మన వంతు.

ముందుగా చెయ్యగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. తెలుగు శాఖల్లో జానపద కళల మీద పరిశోధన చేసే విద్యార్థులు కళారూపం పేరు కింద 'అజ్ఞాత జానపదులు' అని రాయటం మానెయ్యాలి. పాడినవాళ్ళ పేరు, ఊరు, కులం, ఎవరి దగ్గర నేర్చుకున్నారో నేర్పినవాళ్ళ పేరు, వాళ్ళ అనుమతితో రాయాలి. ఉపాధ్యాయులు పల్నాటి కథ చెప్పేటప్పుడు శ్రీనాథుడితో పాటు మాల విద్యావంతుల్ని చెప్పాలి. 'పింజారి' లాంటి పుస్తకాన్ని కళాకారుల జీవిత చరిత్రల అలమరలోంచి తీసి కులం గురించి చదివే పాఠ్యాల్లో పెట్టాలి. కార్యకర్తలు కళాకారులకి సన్మానాలు చేసేటప్పుడు శాలువాతో పాటు సర్టిఫికెట్ సంగతి, ఇంటి స్థలం సంగతి, పిల్లల హాస్టలు సీటు సంగతి కూడా అడగాలి. బుడగ జంగాల జిల్లా హద్దు గురించి మాల మాదిగ సంఘాలు తమ సొంత సమస్యగా మాట్లాడాలి. రిజర్వేషన్లలో వాటా తగ్గుతుందన్న లెక్కతో మౌనంగా ఉంటే, మనల్ని ఊరి బయట ఉంచినవాళ్ళ లెక్కకీ మన లెక్కకీ తేడా చెప్పటం కష్టమవుతుంది.

కారంపూడి తిరణాల ప్రతి ఏడూ జరుగుతుంది. నరసరావుపేట, మాచర్ల, గురజాల కాలేజీల్లో చదివే మన పిల్లలకి బస్సు దూరం. ఈసారి పోయేవాళ్ళు వీరుల ఆయుధాలు చూసి రావటంతో ఆపకుండా, పాడుతున్న విద్యావంతుల దగ్గర కూర్చుని, వాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళ పేర్లూ వాళ్ళకి నేర్పినవాళ్ళ పేర్లూ ఒక నోటుపుస్తకంలో రాసుకుని రావాలని కోరుతున్నాం.